లాక్‌డౌన్‌లో వ్యాయామానికి కారులో వెళ్లవచ్చా?



కొవిడ్ మహమ్మారి కాలంలో, అనగా 2020, 2021 సంవత్సరాలలో, అనేక దేశాల ప్రజలు ఒక ప్రశ్న అడిగారు. "నడకకు బయటికి వెళ్లవచ్చని ప్రభుత్వమే చెప్పింది గదా! మరి ఆ నడిచే చోటికి కారులో వెళ్లవచ్చా?" వినడానికి ఇది చిన్న ప్రశ్న. అయితే దీని మీద పోలీసులు జరిమానాలు వేశారు, వేసిన జరిమానాలను వెనక్కి తీసుకున్నారు. ఒక దేశంలో ఆరోగ్య మంత్రి హోదాయే తగ్గింది. ఇరుగుపొరుగువారు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఇప్పుడు ఆ లాక్‌డౌన్ లేదు. కాని అంటువ్యాధి మరొకటి రాదని ఎవరూ చెప్పలేరు. భయం ఊరంతా కమ్ముకున్నప్పుడు నిదానంగా ఆలోచించడం కష్టం. కాబట్టి తీరిక ఉన్న ఈ రోజుల్లోనే ఈ సంగతి తెలుసుకుందాం. విదేశాలలో మీ పిల్లలు, బంధువులు ఉంటే వారికి కూడ ఈ పాఠం ఉపయోగపడుతుంది.

ఈ పాఠంలో తెలుసుకునేవి:
1. లాక్‌డౌన్‌లో కూడ వ్యాయామాన్ని ఎందుకు అనుమతించారు?
2. కారు ప్రయాణం ఎందుకు వివాదమైంది?
3. దూరం పోవడంలో ఉన్న అపాయం ఏమిటి?
4. కారు తప్పనిసరి అయ్యేవారు ఎవరు?
5. మనం ఎలా నిర్ణయించుకోవాలి?

వ్యాయామం కూడ మందే

బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారికి నడక ఒక సరదా కాదు. డాక్టరు గారు రాసే చీటీలో మాత్రలతోపాటు అదీ ఒక మందే. నడిచినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. రక్తప్రసరణ మెరుగవుతుంది. నిద్ర పడుతుంది, దిగులు తగ్గుతుంది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

నెలల తరబడి ఇంట్లో కూర్చుంటే కొవిడ్ రాకపోయినా షుగరు పెరుగుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, మనసు కుంగుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవారికి ఈ బాధ మరీ ఎక్కువ. పైగా ఆ వైరస్ గాలి ఆడని గదులలో వ్యాపించినంతగా ఆరుబయట వ్యాపించదు. ఈ కారణాల చేత ఇంగ్లండు, ఫ్రాన్సు, ఐర్లండు, న్యూజిలాండు మొదలైన దేశాలు 2020 మార్చిలో ప్రజలను ఇంట్లోనే ఉండమని ఆజ్ఞాపించినా, వ్యాయామానికి మాత్రం బయటికి రానిచ్చాయి. స్పెయిను అంత వెసులుబాటు ఇవ్వలేదు. అక్కడ పెద్దవారు నడకకు బయటికి రావడానికి 2020 మే 2 వరకు ఆగవలసి వచ్చింది.

ఇంగ్లండులో ఏమి జరిగింది?

కారు ప్రశ్న అందరికంటె ఎక్కువగా చర్చకు వచ్చింది ఇంగ్లండులోనే. అక్కడి ఆసుపత్రులలో మన తెలుగు నర్సులు, డాక్టర్లు చాలమంది పనిచేస్తున్నారు. తెలుగు కుటుంబాలు కూడ ఎన్నో ఉన్నాయి. గనుక అక్కడి సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

2020 మార్చి 21, 22 తేదీలు శని, ఆదివారాలు. అప్పటికి లాక్‌డౌన్ ఇంకా రాలేదు. అంగళ్లు, హోటళ్లు మూతబడుతున్నాయి, ఎండ బాగా కాసింది. జనం కార్లు తీసి కొండలకు, సముద్ర తీరాలకు వెళ్లారు. వేల్సులోని స్నోడోనియా కొండ ప్రాంతంలో తమకు జ్ఞాపకమున్నంతలో అంత రద్దీ ఎన్నడూ లేదని అక్కడి అధికారులు చెప్పారు. ఒంటరిగా తిరుగుదామని ఎవరికి వారు అనుకుని బయలుదేరారు. తీరా అందరూ ఒకే చోట గుమిగూడారు.

మార్చి 23న ప్రధాని బోరిస్ జాన్సన్ ఇంట్లోనే ఉండమని ప్రకటించారు. రోజుకు ఒకసారి నడక, పరుగు, సైకిలు వంటి వ్యాయామం చేయవచ్చన్నారు. మార్చి 26న చట్టం అమలులోకి వచ్చింది. సరియైన కారణం లేకుండా ఇల్లు విడువరాదని చట్టం చెప్పింది. ఒంటరిగా గాని, తన ఇంటివారితో గాని చేసే వ్యాయామం సరియైన కారణాలలో ఒకటి. అయితే ఎంత దూరం వెళ్లవచ్చో, కారులో వెళ్లవచ్చో లేదో ఆ చట్టంలో లేదు. రోజుకు ఒకసారి అనే మాట కూడ ఇంగ్లండు చట్టంలో లేదు. వేల్సు చట్టంలో ఉన్నది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. చట్టం వేరు, సలహా వేరు. మంత్రులు చెప్పినదానిలో చాల భాగం సలహా. పోలీసులు కొన్ని చోట్ల ఆ సలహానే చట్టంగా తీసుకున్నారు. డెర్బిషైర్ పోలీసులు పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో కర్బర్ ఎడ్జ్ అనే చోట నడుస్తున్నవారిని డ్రోన్‌తో పై నుండి చిత్రీకరించి, ఇది అవసరమైన ప్రయాణం కాదని జనానికి చూపించారు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లార్డ్ సంప్షన్ దీనిని బహిరంగంగా తప్పుపట్టారు.

2020 ఏప్రిల్‌లో పోలీసులకు ఒక వివరణ పత్రం ఇచ్చారు. అందులోని వివరణ మనకు కూడ పనికివచ్చేది. పల్లె ప్రాంతానికి కారులో వెళ్లి, కారులో గడిపిన సమయం కంటె చాల ఎక్కువ సమయం నడిస్తే అది సబబైన కారణమే. చాల సేపు కారు నడిపి, కొంచెం సేపు మాత్రమే వ్యాయామం చేస్తే సబబు కాదు. దూరం నడిచేటప్పుడు మధ్యలో ఆగి సేద తీరవచ్చు. నాలుగడుగులు నడిచి పార్కు బెంచీ మీద గంటల కొద్దీ కూర్చుంటే అది వ్యాయామం కాదు.

మే 13 నుండి ఇంగ్లండులో ఎంత దూరమైనా కారులో వెళ్లి ఆరుబయట వ్యాయామం చేయవచ్చన్నారు. పక్కనే ఉన్న వేల్సులో మాత్రం ఇంటి దగ్గరే చేయాలన్న నియమం అప్పటికి సాగుతూనే ఉన్నది. ఒకే దీవిలో రెండు నియమాలు! బ్రిస్టల్‌లో ఉన్నవారు వంతెన దాటి వేల్సులోకి వ్యాయామానికి వెళితే అది తప్పు.

ఇతర దేశాలు కొలత ముందే చెప్పాయి. ఫ్రాన్సులో ఇంటి నుండి ఒక కిలోమీటరు, రోజుకు ఒక గంట. బయటికి వచ్చినవారి దగ్గర కారణం రాసిన పత్రం ఉండాలి. ఐర్లండులో 2020 మార్చి చివర 2 కిలోమీటర్లు, మే 5 నుండి 5 కిలోమీటర్లు. ఇలా కొలత చెప్పిన చోట వాదన తక్కువ. కాని ఆ కిలోమీటరు లోపల ఒక్క చెట్టు కూడ లేని ఇరుకు వీధులలో ఉండేవారికి ఆ నియమం ఎక్కువ బరువైంది. స్పష్టత కావాలా, వెసులుబాటు కావాలా అంటే రెండూ ఒకేసారి దొరకడం కష్టం.

రెండు ఉదాహరణలు

మొదటిది: 2021 జనవరిలో ఇంగ్లండులో మూడవసారి లాక్‌డౌన్ వచ్చింది. అప్పటి నియమం ప్రకారం వేరే ఇంటి మనిషి ఒక్కరితో కలిసి వ్యాయామం చేయవచ్చు. ఇద్దరు స్నేహితురాళ్లు ఎవరి కారులో వారు సుమారు 5 మైళ్లు, అనగా 8 కిలోమీటర్లు, వెళ్లి డెర్బిషైర్‌లోని ఫోర్‌మార్క్ జలాశయం దగ్గర నడకకు దిగారు. చేతిలో వేడి పానీయాలున్నాయి. పోలీసులు దానిని వనభోజనం కింద లెక్కగట్టి చెరొక 200 పౌన్లు జరిమానా వేశారు. దేశమంతా దీని గురించి మాట్లాడింది. కొద్ది రోజులకే పోలీసులు జరిమానాలు రద్దు చేసి క్షమాపణ చెప్పారు. దాదాపు ఆ రోజుల్లోనే ప్రధాని జాన్సన్ తన నివాసానికి సుమారు 7 మైళ్ల దూరంలో ఉన్న ఒలింపిక్ పార్కులో సైకిలు తొక్కుతూ కనిపించారు. అది చట్టవిరుద్ధం కాదని లండను పోలీసు కమిషనరు చెప్పారు. ఆ ఇద్దరు స్త్రీలకు ఒక లెక్క, ప్రధానికి ఒక లెక్కా అని జనం అడగడంలో న్యాయం లేదనలేము.

రెండవది: న్యూజిలాండు ఆరోగ్య మంత్రి డేవిడ్ క్లార్క్ 2020 ఏప్రిల్ ఆరంభంలో కొండదారిలో సైకిలు తొక్కడానికి బండిలో వెళ్లారు. ఆ చోటు ఆయన ఇంటికి రెండు కిలోమీటర్ల పైచిలుకే. తరువాత, లాక్‌డౌన్ మొదటి వారాంతంలో కుటుంబంతో సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని సముద్ర తీరానికి కూడ వెళ్లానని ఒప్పుకున్నారు. మామూలు రోజులైతే ఆయనను తొలగించేదాన్నని ప్రధాని జసిండా ఆర్డెర్న్ అన్నారు. మంత్రివర్గంలో ఆయనను చివరి స్థానానికి దించారు. ఆయన ఆ ఏడాది జూలై 2న పదవికి రాజీనామా చేశారు.

ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోను ఒకరి మీదికి వైరస్ వెళ్లిందని ఎవరూ అనలేదు. మొదటిదానిలో నియమం మసకగా ఉన్నది గనుక సామాన్యులు నష్టపోబోయారు. రెండవదానిలో "అందరూ ఇంటి దగ్గరే ఉండండి" అని చెప్పవలసిన మనిషే దూరం వెళ్లారు. చెప్పేవారు చేయకపోతే వినేవారు ఎందుకు వింటారు? ఇంట్లో కూడ ఇంతే. తండ్రి బండి తీసి ఊరి బయటికి వెళితే, కొడుకును గడప దాటవద్దని చెప్పలేడు.

"నేనొక్కణ్ణే గదా, తప్పేముంది?"

"సిస్టరమ్మా, నా కారులో నేనొక్కణ్ణే వెళ్తాను. అద్దాలు దించను, ఎవరితోను మాట్లాడను. ఇక నా వల్ల ఎవరికి అంటుకుంటుంది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఒంటరిగా కారులో కూర్చున్న మనిషి నుండి వైరస్ బయటికి పోదు. కారు తనంతట తాను జబ్బును వ్యాపింపజేయదు. అపాయం కారు చుట్టూ ఉండే ఇతర పనులలో ఉన్నది.

1. గుంపు: మీకు నచ్చిన చెరువుగట్టు పదిమందికీ నచ్చుతుంది. కార్లు నిలిపే చోట, గేటు దగ్గర, ఇరుకు కాలిబాటలో అందరూ కలుస్తారు.

2. దారిలో ఆగడం: పెట్రోలు బంకు, టీ కొట్టు, మరుగుదొడ్డి. దూరం పెరిగేకొద్దీ ఆగే చోట్లు పెరుగుతాయి. ఇంటి చుట్టూ నడిచినవాడికి ఇవేవీ అక్కరలేదు.

3. ఊరి నుండి ఊరికి జబ్బు: ఒంట్లో వైరస్ ఉన్నా లక్షణాలు కనబడనివారు ఉంటారు. పట్నంలో జబ్బు ఎక్కువగా ఉండి పల్లెలో ఇంకా లేకపోతే, మన ప్రయాణమే దానికి దారి అవుతుంది. పల్లెలో ఆసుపత్రి చిన్నది, మంచాలు తక్కువ.

4. ప్రమాదాలు: కారు చెడిపోవచ్చు, గుద్దుకోవచ్చు, కొండ మీద కాలు జారవచ్చు. ఆసుపత్రిలో పనిచేసేవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది. విరిగిన కాలు ఒకటి వస్తే అంబులెన్సు, ఎక్స్‌రే, ఆపరేషను గది, మత్తు డాక్టరు, నర్సులు, మంచం, అన్నీ కావాలి. ఊపిరాడని రోగులతో వార్డు నిండి ఉన్నప్పుడు ఆ మంచం ఎవరిదో ఒకరిది అవుతుంది. కొండ మీద నుండి దించడానికి వచ్చే నలుగురైదుగురు దూరం పాటించి మోయలేరు. సహాయం చేయవచ్చినవారికే జబ్బు అంటవచ్చు.

5. అందరూ అలాగే అనుకోవడం: ఒక్కరు చేస్తే ఏమీ కాదు. వెయ్యిమంది "నేనొక్కణ్ణే గదా" అనుకుంటే స్నోడోనియాలో జరిగినదే జరుగుతుంది.

కారు లేకపోతే నడకే లేనివారు

అలాగని కారు తీసినవారందరినీ దోషులుగా చూడకూడదు. మోకాళ్ల నొప్పులవారు గతుకుల రోడ్డు మీద నడవలేరు, చదునైన బాట కావాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి మెట్లు లేని చోటు కావాలి. కొందరి ఇంటి ముందే లారీలు తిరిగే పెద్ద రోడ్డు ఉంటుంది, పక్కన కాలిబాట ఉండదు. చూపు మందగించిన పెద్దలను ఆ రోడ్డు మీదికి పంపడం కంటె రెండు కిలోమీటర్లు కారులో తీసుకువెళ్లి ఖాళీ మైదానంలో నడిపించడమే క్షేమం.

ఆటిజం ఉన్న పిల్లల సంగతి చూడండి. వారిలో కొందరికి ప్రతిరోజు అలవాటైన చోటే తిరగాలి, లేకపోతే తట్టుకోలేరు. ఈ కారణంగా 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండు ప్రభుత్వం తన సలహాను సవరించింది. ఇటువంటి అవసరం ఉన్నవారు రోజుకు ఒకసారి కంటె ఎక్కువగా బయటికి రావచ్చు, తమ ప్రాంతం దాటి కూడ వెళ్లవచ్చు అని చెప్పింది.

గనుక పక్కింటి కారు కదలగానే ఫోను తీసి ఫిర్యాదు చేయవద్దు. వారి ఇంట్లో ఉన్న కష్టం మనకు కనబడదు.

మన దగ్గర ఏమి నియమం?

మన దేశంలో 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో వ్యాయామానికి ప్రత్యేకమైన మినహాయింపు ఇవ్వలేదు. పార్కులు మూసివేశారు. గనుక నడకకు కారు తీయవచ్చా అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో ఇక్కడ ఒకటే జవాబు: తీయకూడదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుండి మధ్యాహ్నం 12 గంటల తరువాత కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుండి లాక్‌డౌన్ వచ్చాయి. తెలంగాణలో మొదట ఉదయం 6 నుండి 10 గంటల వరకే సడలింపు ఉండేది.

ఇంగ్లండు నియమాన్ని ఫోనులో విని ఇక్కడ పాటించినా, ఇక్కడి నియమాన్ని అక్కడి పిల్లల మీద రుద్దినా పొరపాటే. "బయటికి వెళ్లనే వద్దు నాయనా" అని ఇక్కడి నుండి తల్లులు బతిమాలితే, చిన్న ఫ్లాటులో ఒంటరిగా ఉన్న కొడుకు అనుమతి ఉన్న నడకను కూడ మానుకుంటాడు. అది వాడి ఆరోగ్యానికి మంచిది కాదు.

బయటికి వెళ్లే వీలు లేనప్పుడు ఇంట్లో చేయదగినవి ఉన్నాయి. మేడ మీద నడవండి. మేడ లేకపోతే వరండాలో పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడవండి. చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దించండి. షుగరుకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడేవారు పరగడుపున ఎక్కువ శ్రమ చేయవద్దు. జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉంచుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి.

మరి జవాబు ఏమిటి?

నియమం ఒప్పుకుంటే, ఇంటి దగ్గర క్షేమంగా నడిచే చోటు లేకపోతే, కొద్ది దూరం కారులో వెళ్లడం తప్పు కాదు. మనసు మార్పు కోసం, అందమైన చోటు కోసం దూరం పోవడం ఆ రోజుల్లో తగదు, చట్టం పట్టుకోకపోయినా తగదు. లాక్‌డౌన్ పెట్టేది మనుషుల మధ్య కలయిక తగ్గించడానికి, ఆసుపత్రి మీద భారం తగ్గించడానికి. మన ప్రయాణం ఆ రెండింటికీ అడ్డు రాకూడదు.

బండి తాళం చేతికి తీసుకునే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. నేనున్న చోట ఈ రోజు అమలులో ఉన్న నియమం ఏమిటి? నిన్నటిది కాదు, పక్క ఊరిది కాదు.
2. నాకు గాని ఇంట్లోవారికి గాని జ్వరం, దగ్గు ఉన్నాయా? ఉంటే ఒంటరిగా కారులో కూడ బయలుదేరకూడదు.
3. ఇదే వ్యాయామం ఇంటి చుట్టూ చేయలేనా?
4. కారులో కూర్చునే సమయం కంటె నడిచే సమయం చాల ఎక్కువా?
5. దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్లి రాగలనా?
6. కారులో మా ఇంటివారు మాత్రమే ఉన్నారా? వేరే ఇంటివారితో మూసిన కారులో కూర్చోవడం ఆరుబయట నడవడం కంటె ఎన్నో రెట్లు అపాయం.
7. అక్కడ గుంపు ఉంటే దిగకుండా వెనక్కి తిరగడానికి సిద్ధమేనా?
8. నాకు అక్కడ దెబ్బ తగిలితే ఎంతమంది రావలసి వస్తుంది?

ఎనిమిదింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే, వెళ్లాలో మానాలో మీకే తెలుస్తుంది.

ఇంట్లో చర్చించండి

1. రాజుగారికి 68 ఏళ్లు, షుగరు ఉన్నది. ఇంటి ముందు హైవే. నియమం 5 కిలోమీటర్ల వరకు అనుమతిస్తుంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఖాళీ స్కూలు మైదానం ఉన్నది. కొడుకు కారులో తీసుకువెళ్లవచ్చా?
(వెళ్లవచ్చు. ఒకే ఇంటివారు, దగ్గర చోటు, అవసరం నిజమైనది. గుంపు లేని వేళ చూసుకోవాలి.)

2. నలుగురు స్నేహితులు ఒకే కారులో 60 కిలోమీటర్లు వెళ్లి కొండ ఎక్కాలనుకున్నారు. కొండ మీద దూరం దూరంగా నడుస్తామంటున్నారు.
(తగదు. కొండ మీద పాటించిన దూరం కారులోనే పోయింది.)

3. పక్కింటి ఆమె ప్రతి సాయంత్రం కొడుకును కారులో ఎక్కడికో తీసుకువెళుతున్నది. మీరేం చేస్తారు?
(ముందు కుశలం అడగండి. సహాయం కావాలేమో కనుక్కోండి.)

జ్ఞాపకముంచుకోండి: వ్యాయామం మానవద్దు. వీలైనంత ఇంటికి దగ్గరగా చేయండి. కారు తప్పనిసరి అయితే దగ్గరికే వెళ్లండి, ఆగకుండా వెళ్లండి, త్వరగా రండి. ఆ రోజుల్లో వార్డులో ఖాళీగా మిగిలే ప్రతి మంచం ఊపిరాడని ఒకరికి అందుతుంది.